4117, 4118 ఒక్క మనిషేనని మనవి

సాంకేతిక విశ్వవిద్యాలయం రిజిస్ట్రారు గారి సముఖమునకు,
ప్రవేశాల విభాగం, మొదటి అంతస్తు (కుడివైపు మెట్లు. ఎడమవైపు మెట్లు ఎక్కినచో మరల దిగవలసి వచ్చును. నేను నాలుగు పర్యాయములు దిగితిని.)

అయ్యా,

విషయం: యంత్ర ఇంజనీరింగు, వ్యాపార నిర్వహణ అను రెండు ప్రధాన విషయములను కలిపి చదువుటకై నేను పెట్టుకొనిన దరఖాస్తును తమ కార్యాలయము వారు ఇద్దరు మనుషులుగా విడదీయుట, అందులో ఒకరిని గైరుహాజరు కింద తిరస్కరించుట, సదరు ఇద్దరినీ తిరిగి ఒక్కరిగా చేయవలసినదిగా కోరుట గురించి.

సూచిక: తమ కార్యాలయపు లేఖలు రెండు. ఒకటి 4117 పేర, ఒకటి 4118 పేర. రెండూ మా ఇంటికే వచ్చినవి. పోస్టుమాన్ రెండూ ఒకేసారి ఇచ్చి రెండు చోట్ల సంతకం పెట్టించుకొనెను.

దిగువ సంతకము చేసిన నేను ముప్పది నాలుగు సంవత్సరముల పది నెలల వయస్సు గలదానను. వృత్తి కాటాల మరమ్మతు. అంగళ్ళలో, తోపుడుబండ్ల మీద, ఆసుపత్రులలో, పార్సిలు ఆఫీసులలో ఉండు తూకపు యంత్రములను బాగుచేయు కొట్టును మా అన్నయ్యతో కలిసి నడుపుచున్నాను. నా బాధలను ఈ దిగువ వరుస సంఖ్యలతో విన్నవించుకొనుచున్నాను.

ఇంతవరకు రాసింది మా వీధి చివర అర్జీలు రాసే పెద్దమనిషి. మిగతా సంగతి చెప్పబోతే సగం విని కలం మూత పెట్టేశారు. "ఇద్దరు ఒక్కరని నేనెలా రాయనమ్మా, నన్ను కూడా పట్టుకుంటారు. నువ్వే రాసుకో" అని కాగితం నా చేతిలో పెట్టారు. కాబట్టి ఇక్కడి నుంచి భాషలో తేడా కనిపిస్తే మన్నించాలి.

1. నా తప్పు ఎంతవరకు ఉందో ముందే ఒప్పుకుంటున్నాను. మా కొట్లో ఒక పద్ధతి ఉంది. కాటా రిపేరుకు రాగానే దానికి ఎన్ని జబ్బులుంటే అన్ని చీటీలు దారంతో కడతాం. పళ్ళెం వంగితే ఒక చీటీ. లోపల తీగ తెగితే ఇంకొకటి. వంగినవీ అరిగినవీ అన్నయ్య చూస్తాడు. తీగలూ దీపాలూ అంకెల పలకలూ నేను చూస్తాను. ఎవరి పని అయ్యాక వాళ్ళు తమ చీటీ తెంపేస్తారు. చీటీలన్నీ పోయిన కాటా గుమ్మం దాటుతుంది. నాలుగు చీటీలు వేలాడుతున్న కాటాను చూసి అవి నాలుగు కాటాలని మా కొట్లో ఇంతవరకు ఎవరూ అనుకోలేదు.

తమ వివరణ పుస్తకంలో "ప్రతి ప్రధాన విషయమునకు దరఖాస్తు సమర్పించవలెను" అని చదివాను. చేతి అలవాటు కొద్దీ రెండు దరఖాస్తులు నింపాను. రెండింటి మీదా అదే ఫొటో, అదే పుట్టిన తేదీ, అదే గుర్తింపు మచ్చ: ఎడమ చూపుడు వేలి మీద స్ప్రింగు కోసిన గాటు. రెండింటినీ మూలన చిల్లు పెట్టి తెల్లదారంతో కట్టి ఇచ్చాను. రెండు విషయాలు కలిపి చదవాలనుకునేవారు ఒకే దరఖాస్తు పెట్టి దానికి ఏడో అనుబంధం జతచేయాలనీ, ఆ ముక్క అరవై రెండో పేజీ అడుగున ఉందనీ తరువాత తెలిసింది. ఆ అక్షరాలు చదవడానికి నేను కాటాల మీద గీతలు చూసుకునే భూతద్దం తెచ్చుకోవాల్సి వచ్చింది.

2. కిటికీ దగ్గరుండే గుమాస్తా గారు ఆ దారాన్ని కత్తెరతో కత్తిరించారు. మనిషి మంచివారే. కళ్ళజోడు మెడలో తాడుకు వేలాడుతూనే ఉంటుంది, ఆయన మాత్రం దానికోసం బల్లంతా వెతుకుతుంటారు. ఎందుకు కత్తిరించారండీ అని అడిగితే, దారాలు స్కానర్లో ఇరుక్కుంటాయన్నారు. ఒక దరఖాస్తు ఎడమ బుట్టలో పడింది, ఒకటి కుడి బుట్టలో పడింది. ఎడమ బుట్ట యంత్రాల భవనానికి వెళ్ళింది, నంబరు 4117. కుడి బుట్ట వ్యాపార భవనానికి వెళ్ళింది, నంబరు 4118. ఆ పూట నుంచి తమ విశ్వవిద్యాలయంలో నేను ఇద్దరిని.

3. ఇద్దరికీ ఇంటర్వ్యూ ఒకే రోజు, ఒకే గంటకు, రెండు భవనాల్లో పెట్టారు. మధ్యలో ఆటస్థలం ఉంది. ముందు యంత్రాల భవనానికి వెళ్ళాను. ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. బిగుసుకుపోయిన గేరుపెట్టె ఒకటి బల్ల మీద పెట్టి ఎక్కడ లోపమో చెప్పమన్నారు. చెప్పడమెందుకని విప్పి సరిచేసి ఇచ్చాను. చాలా సంతోషించారు. చదువయ్యాక ఏం చేస్తారని అడిగారు. నేను తయారుచేసిన వస్తువు ఒకటుందనీ, అది ప్రతి తోపుడుబండికీ చేరాలనీ, ధర ఎలా పెట్టాలో, ఎవరికి ఎలా చెప్పాలో, ఎవరితో ఎలా పొత్తు కలవాలో కూడా ఇక్కడే నేర్చుకుంటాననీ చెప్పాను. మధ్యలో కూర్చున్నాయన ఫైలు మూశారు. "మీకు మంచి వ్యాపార బుర్ర ఉందమ్మా. ఇక్కడ వృథా అయిపోతారు" అన్నారు.

ఆటస్థలానికి అడ్డంపడి పరుగెత్తాను. వ్యాపార భవనంలో నేలంతా తివాచీ. నేను లోపలికి వెళ్ళేసరికి నా పేరు ఎదుట ఇరవై నిమిషాలు ఆలస్యమని రాసి ఉంది. అక్కడి మేడం గారు నా దూరదృష్టి ఏమిటని అడిగారు. నేను సంచిలోంచి నా వస్తువు తీసి, మూత విప్పి, ఏ ముక్క ఏం చేస్తుందో బల్ల మీద పరిచి చూపించాను. ఆవిడ ఆసక్తిగానే విన్నారు. విన్నాక, నేను అసలుసిసలు ఇంజనీరుననీ, నా స్థానం అవతలి భవనంలో ఉందనీ చెప్పి, దారి కూడా చూపించారు. అంత మెచ్చుకోలు ఒక్కరోజులో నేను పుట్టి ఎరగను. ఇద్దరూ మెచ్చుకున్నారు, ఇద్దరూ గుమ్మం చూపించారు.

4. నా అసలు సర్టిఫికెట్లు 4117 వారి బీరువాలో ఉన్నాయి. 4118 వారు అసలువి తెమ్మన్నారు. 4117 వారిని అడిగితే ఒకరి సర్టిఫికెట్లు ఇంకొకరికి ఇచ్చేది లేదన్నారు. నియమం మంచిదే, నేను కాదనను.

5. ఆ తరువాత సూచికలో చెప్పిన రెండు లేఖలు వచ్చాయి. అందులో రాసినది తమకు గుర్తుండకపోవచ్చు కనుక ఎత్తి రాస్తున్నాను: "ఇరువురు అభ్యర్థుల ఫొటోలు, పుట్టిన తేదీలు, గుర్తింపు మచ్చలు అనుమానాస్పదముగా ఒకే రీతిన ఉన్నందున, ఒకరికి బదులు మరొకరు హాజరగుచున్నారను సందేహము నివృత్తి చేయుటకు ఇరువురూ ఏకకాలమున స్వయముగా విచారణకు రావలెను."

మా వదిన అది చదివి, వచ్చేటప్పుడు ఆ రెండో ఆవిణ్ణి కూడా భోజనానికి తీసుకురమ్మంది. వదినకు ఎప్పుడూ సరదాయే. నేను మాత్రం నవ్వలేకపోయాను.

విచారణకు వెళ్ళాను. అంతా పాత కాగితాల వాసన వేసే గది. ఒక అధికారి, పక్కన మన కిటికీ గుమాస్తా గారు, మధ్యలో పెద్ద రిజిస్టరు. ఇక్కడ జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే నేను చెబితే మా అన్నయ్య కూడా నమ్మలేదు.

"రెండో ఆవిడ ఏరమ్మా?" అన్నారు అధికారి.

"నేనేనండి."

"మీరు మొదటి ఆవిడ కదా?"

"అది కూడా నేనేనండి."

ఆయన రిజిస్టరు తన వైపు తిప్పుకున్నారు. రెండు వరుసలున్నాయి. ఒక్కో వరుసకూ ఒక్క సంతకం గడి. నేను రెండు గడుల్లోనూ సంతకం పెడతానన్నాను. ఒకరి వరుసలో ఇంకొకరు సంతకం పెట్టడం నేరమనీ, దాని గురించే ఈ విచారణ జరుగుతోందనీ గుమాస్తా గారు గుర్తుచేశారు. నా చూపుడు వేలి మీద గాటు చూపించాను. రెండు దరఖాస్తుల్లోనూ ఈ గాటే ఉంది చూడమన్నాను. అందుకే అనుమానం అన్నారు. నాకు ఒక్క వేలే ఉందండీ ఆ గాటుతో, రెండోది ఎక్కడి నుంచి తేను అన్నాను. అప్పటికి నా గొంతు పెద్దదయింది, ఒప్పుకుంటున్నాను. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు లోపలికి తొంగి చూశారు.

చివరికి పైనున్న వరుస 4117 కనుక దానికి నా చేత సంతకం పెట్టించారు. కింద వరుసలో ఎర్ర సిరాతో "గైరుహాజరు" అని రాశారు. నేను ఎదురుగా నిలబడి చూస్తుండగా నేను రాలేదని రాశారు. పంపించేటప్పుడు ఆ అధికారి గొంతు తగ్గించి, నా మేలు కోరి, "ఆ రెండో ఆవిడతో కొంచెం జాగ్రత్తగా ఉండండమ్మా. మీ వివరాలన్నీ ఆవిడ దగ్గరున్నాయి" అన్నారు. ఆయన వెటకారానికి అనలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

మూడు రోజులకు 4118కి తిరస్కరణ పత్రం వచ్చింది. అవకాశం ఇచ్చినప్పటికీ హాజరు కానందున, అని ఉంది. దాన్ని తీసుకోవడానికి కూడా నేనే సంతకం పెట్టాను. అప్పుడు మాత్రం ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

6. 4117 ఇంకా బతికే ఉంది కదా, అది చాలదా అని తమరు అడగవచ్చు. మా అన్నయ్య కూడా అదే అడిగాడు. చాలదు. ఎందుకు చాలదో చెప్పకపోతే ఈ అర్జీ నాలుగుసార్లు మెట్లు దిగిన కోపంగానే మిగిలిపోతుంది.

తోపుడుబండి ఎప్పుడూ సమంగా నిలబడదు. రోడ్డు ఎటు వాలితే బండి అటు వాలుతుంది, దాని మీద కాటా కూడా వాలుతుంది. వాలిన కాటా తప్పు చెబుతుంది. బండి మనిషి మోసం చేస్తున్నాడని కొనేవాళ్ళు పోట్లాడతారు. లేదా సరుకు ఎక్కువ పోయి బండి మనిషే నష్టపోతాడు, అది ఎవరికీ తెలియదు. ఐదేళ్ళ కిందట నేను కాటా అడుగున బిగించే చిన్న బిళ్ళ ఒకటి తయారుచేశాను. బండి మట్టంగా ఉంటే పచ్చదీపం, వాలితే ఎర్రదీపం. అంతే. నాకు అది చేయడానికి రెండేళ్ళు పట్టింది. వానలో తడిపాను, ఎండలో పెట్టాను, మేడ మీంచి కింద పడేశాను. బతికింది.

అరవై చేశాను. పదకొండు అమ్ముడుపోయాయి, అందులో ఆరు చుట్టాలు తీసుకున్నారు. కొనడానికి వచ్చినవాళ్ళకు నేను లోపలి తీగల సంగతి వివరించేదాన్ని. వాళ్ళు మర్యాదగా విని వెళ్ళిపోయేవారు. ఎర్రదీపం వెలిగితే కొనేవాళ్ళు చూసి జంకుతారని ఒకాయన అన్నాడు. నేను ఆయనకు కూడా తీగల సంగతే చెప్పాను.

మా పక్కవీధి వర్తకుడు నా దగ్గర ఒకటి కొనుక్కెళ్ళాడు. రెండు నెలల్లో అలాంటిదే తనూ తెచ్చాడు. పైకి అచ్చం నాదే. లోపల ఏమీ లేదు. ఎలా పెట్టినా, తలకిందులుగా పెట్టినా పచ్చదీపమే వెలుగుతుంది. ఇప్పుడు మా వైపు ఏ బండి చూసినా అదే. అతనికి అమ్మడం తెలుసు.

ఒకనాడు పండ్లమ్మే ఆవిడ కాటాతో సహా మా కొట్టుకు వచ్చింది. ఏడాదిగా ప్రతి తూకంలోనూ ఎక్కువ పోయిందట. పచ్చగానే ఉంది కదా అని నమ్మిందట. ఈ బిళ్ళ మొదట చేసింది నేనని ఎవరో చెబితే నన్ను తిట్టడానికి వచ్చింది. అది నాది కాదని చెప్పాను. నాది తీసి చూపించాను. ఆవిడ నా బిళ్ళను తన కాటా కింద పెట్టి చూసింది. వెంటనే ఎర్రదీపం వెలిగింది. "మరి ఇది నా దాకా ఎందుకు రాలేదు?" అంది.

అయ్యా, నేను దరఖాస్తు పెట్టింది ఆ ప్రశ్నకు జవాబు నేర్చుకోవడానికి. నాకు ఆ వర్తకుడి మీద కంటే నా మీద ఎక్కువ కోపం వచ్చింది. వస్తువు చేయడం ఒక భవనంలో, అది మనిషి దాకా చేర్చడం ఇంకో భవనంలో నేర్పుతున్నారు, బాగుంది. మధ్యలో ఆటస్థలం ఉంది, అదీ బాగుంది. రెండు చోట్లకూ ఒకే మనిషి నడిచి వెళితే నేరమెందుకయిందో నాకు బోధపడటం లేదు. వ్యాపారం లేకుండా ఇంజనీరింగు ఒక్కటే చదివితే నేను ఇంకా మంచి బిళ్ళ చేస్తాను. దాన్ని ఇంకెవరో ఖాళీ చేసి అమ్ముతారు.

7. వచ్చే ఏడు చూసుకుందామనడానికి లేదు. మా నాన్న పోయినప్పుడు నాకు పదిహేడేళ్ళు. కొట్టు తెరవడానికి ఇద్దరు కావాల్సి వచ్చి చదువు ఆపాను. ఆ తరువాత పని చేసుకుంటూనే సాయంత్రం బడిలో డిప్లొమా పూర్తి చేశాను. మధ్యలో చదువు ఆపినవారికి తమరిచ్చే సీట్లకు ముప్పై ఐదేళ్ళు హద్దు. నాకు రెండు నెలల్లో నిండుతాయి. రెండో విషయాన్ని చేరిన తరువాత కలుపుకోవడానికి కూడా వీల్లేదని తొమ్మిదో నియమం చెబుతోంది. చేరేనాడే రెండూ ఉండాలి. అంటే ఈ వారం తరువాత 4118 ఇక ఎప్పటికీ లేదు.

కావున తమరు దయయుంచి:

(అ) 4117, 4118 ఒక్క మనిషేనని రాతపూర్వకముగా అంగీకరించవలెను.

(ఆ) విచారణనాడు నేను వచ్చితినని ఎర్ర సిరా కొట్టివేసి రాయించవలెను.

(ఇ) ఏడో అనుబంధం ఇప్పుడైనా నా చేత నింపించుకుని, రెండు విషయములలోనూ ప్రవేశము కల్పించవలెను.

(ఈ) పై మూడూ కుదరనిచో, ఒకే గంటకు రెండు భవనములలో ఎట్లు ఉండవలెనో తమ భౌతికశాస్త్ర విభాగము వారిచేత నాకు చెప్పించవలెను.

ఎనిమిది రోజులుగా తమ వరండాలో కూర్చుని, కొట్టు అన్నయ్య నెత్తిన పెట్టి, రాసుకున్న ఈ నాలుగు ముక్కలను చిత్తగించవలెనని వేడుకుంటూ,

తమ విధేయురాలు (ఒక్కతే),
కాటాల కొట్టు అక్క
దరఖాస్తు సంఖ్య 4117
దరఖాస్తు సంఖ్య 4118

తా.క. ఈ అర్జీ కవరులో పెట్టి తెచ్చేసరికి బోర్డు మీద జాబితా అంటించి ఉంది. యంత్ర ఇంజనీరింగు, చదువు ఆపినవారి సీట్లు, మూడో వరుస: 4117. ఈ రోజు సాయంత్రం ఐదు లోపల అంగీకార పత్రం మీద సంతకం పెట్టకపోతే సీటు తరువాతివారికి పోతుందట. ఆ పత్రంలో నాలుగో వాక్యం ఇలా ఉంది: "నాకు మరి ఏ ఇతర కోర్సుపైనను ఆసక్తి లేదనియు, గతమున ఉండియుండలేదనియు ధ్రువీకరించుచున్నాను."

తమరు సెలవులో ఉన్నారన్నారు. ఎప్పుడొస్తారో తెలియదన్నారు. పత్రం చేతిలో పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. అన్నయ్యకు ఫోను చేశాను. నీకేది తోస్తే అది చెయ్యి, కొట్టు సంగతి నేను చూసుకుంటానన్నాడు. వెనకాల నుంచి వదిన సంతకం పెట్టి రమ్మంటోంది. ఈసారి సరదాగా అనలేదు.

గుమాస్తా గారు కలం ఇచ్చారు. "పెట్టేయమ్మా, అందరూ పెడతారు. అదెవరూ చదవరు" అన్నారు. నేను చదివానని చెప్పాను. అయినా నాలుగు గంటల యాభై నిమిషాలకు పెట్టాను. పెడుతుంటే కళ్ళల్లో నీళ్ళు ఆగలేదు, పత్రం మీద ఒక చుక్క పడింది, దానికి మన్నించాలి.

"సీటొచ్చినందుకేనా అమ్మా?" అని అడిగారు ఆయన.

"ఒకావిడకి వచ్చిందండి. ఇంకొకావిడకి పోయింది" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నా కవరు మీద నన్నేమీ అడగకుండా రెండు నంబర్లూ రాసి ముద్ర వేశారు.

ఆ నాలుగో వాక్యం అబద్ధం. ఇది చదివి తమరు దొరికిన సీటు కూడా తీసేయవచ్చు. ఆ సంగతి తెలిసే ఈ అర్జీ వెనక్కి తీసుకోకుండా ఇస్తున్నాను. అబద్ధమని తెలిసి ఆ పత్రం మీద సంతకం చేసింది 4117. అది అబద్ధమని ఇక్కడ రాసి ఇస్తున్నది 4118. ఇంకేమీ చేయలేకపోయినా, మా ఇద్దరి కాగితాలూ ఒకే ఫైలులో పెట్టించండి.